పేగుల్లోని బ్యాక్టీరియాకీ ఎముకల బలానికీ సంబంధం నిజమేనా? అమ్మ మాత్రలు మానేస్తానంటోంది

కృష్ణలంక | సోమవారం ఉదయం 9:12

అందరికీ నమస్కారం. మా అమ్మకి 54 ఏళ్లు. నడుము నొప్పి తగ్గడం లేదని ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ తీయిస్తే వెన్నెముక దగ్గర టీ-స్కోరు (సాంద్రత ఎంత తగ్గిందో చెప్పే అంకె) మైనస్ 2.8 వచ్చింది. ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు అని చెప్పి డాక్టరు గారు వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర, కాల్షియం, విటమిన్ డి రాశారు. ఆ వారం మాత్ర వేసుకున్న రోజు అమ్మకి గుండెల్లో మంట. గ్యాస్ మాత్ర చాలా ఏళ్లుగా రోజూ వేసుకుంటూనే ఉంది.

ఇప్పుడు బంధువు ఒకాయన ఒక వీడియో పంపారు. ఎముకల జబ్బు పేగుల్లోనే మొదలవుతుందట, మంచి బ్యాక్టీరియా ఉన్న క్యాప్సూల్స్ ఆరు నెలలు వాడితే ఎముకలు మళ్లీ గట్టిపడతాయట, ఇంగ్లీషు మందులు అక్కర్లేదట. అమ్మకి ఆ మాట బాగా ఎక్కింది. నాకు టెన్షన్‌గా ఉంది. ఇందులో నిజం ఎంత? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పెరుగన్నం | సోమవారం ఉదయం 9:40

క్యాప్సూల్స్ ఎందుకండీ, ఇంట్లో తోడేసిన పెరుగు ఉండగా! రాత్రి అన్నంలో పాలు పోసి తోడు వేసి పొద్దున్నే ఉల్లిపాయతో తినిపించండి. మా తాతల కాలంలో ఈ డెక్సాలు, టీ-స్కోర్లు ఎక్కడున్నాయి? పొలం పని చేసుకుంటూ నిటారుగానే ఉన్నారు.

సూక్ష్మదర్శిని | సోమవారం ఉదయం 11:05

నేను విశాఖలో మైక్రోబయాలజీ పాఠాలు చెబుతాను. ఈ విషయాన్ని చాలాకాలంగా ఇష్టంగా చదువుతున్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

సంబంధం నిజమే. వీడియోలో చెప్పింది మాత్రం అందులోంచి పుట్టిన వ్యాపారం.

మన ఎముక ఒకసారి తయారై అలాగే ఉండిపోయేది కాదు. పాత ఎముకను కరిగించే కణాలు, కొత్త ఎముకను కట్టే కణాలు జీవితాంతం పక్కపక్కనే పనిచేస్తూ ఉంటాయి. కరిగించేవాటిని ఆస్టియోక్లాస్టులు అంటారు. రక్తంలో తిరిగే రోగనిరోధక కణాలు ఏ జాతివో అవీ దాదాపు ఆ జాతివే. అందుకే ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా, రోగనిరోధక వ్యవస్థ ఎక్కడ రెచ్చిపోయినా ఆ సంకేతాలు ఎముకకు చేరి కరిగించే పని పెరుగుతుంది. ఆ రోగనిరోధక వ్యవస్థకు పుట్టినప్పటినుంచీ తర్ఫీదు ఇచ్చేది ఎక్కువగా పేగుల్లోని సూక్ష్మజీవులే. రెంటికీ లంకె అక్కడ ఉంది.

దీన్ని మొదట గట్టిగా చూపించింది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు. క్లారా షోగ్రెన్, క్లాస్ ఓల్సన్ బృందం 2012లో ఒక ప్రయోగం ప్రచురించింది. ఒంట్లో ఒక్క సూక్ష్మజీవి కూడా లేకుండా, పూర్తిగా శుద్ధమైన గదుల్లో పెంచిన ఎలుకల ఎముకలు మామూలు ఎలుకల ఎముకల కన్నా దట్టంగా ఉన్నాయి. ఎముకను కరిగించే కణాలు వాటిలో తక్కువ. ఆ ఎలుకలకు చిన్న వయసులోనే మామూలు పేగు బ్యాక్టీరియా ఎక్కిస్తే ఎముక సాంద్రత మామూలు స్థాయికి దిగివచ్చింది.

ఇది చదివి బ్యాక్టీరియా అంటే ఎముకకు శత్రువు అనుకోకండి. 2016లో హార్వర్డ్ వాళ్లు చేసిన ప్రయోగంలో, సూక్ష్మజీవులు లేని ఎలుకలకు బ్యాక్టీరియా ఎక్కించి చాలా నెలలు ఆగి చూస్తే ఎముక పెరుగుదల ఎక్కువైంది. ఐజీఎఫ్-1 అనే పెరుగుదల హార్మోను కూడా పెరిగింది. అదే ఏడాది ఫ్రాన్స్ బృందం ఒకటి, తిండి చాలని ఎలుక పిల్లలు కూడా ఒకరకం ల్యాక్టోబ్యాసిల్లస్ ప్లాంటారం అనే బ్యాక్టీరియా ఇస్తే ఎత్తు ఎదగడాన్ని చూపించింది. ఏ బ్యాక్టీరియా, ఏ వయసులో, ఎంతకాలం అన్నదాన్ని బట్టి ఫలితం మారుతోంది.

కృష్ణలంక గారూ, మీ అమ్మగారికి బాగా దగ్గరగా వచ్చే ప్రయోగం ఇంకొకటి ఉంది. దానికి ముందు ఒక ప్రశ్న. అమ్మగారికి నెలసరి ఏ వయసులో ఆగింది?

కృష్ణలంక | సోమవారం మధ్యాహ్నం 1:20

మేడమ్, 38వ ఏట గర్భసంచి ఆపరేషన్ అయింది. రిపోర్టులో అండాశయాలు రెండూ తీసేసినట్టు ఉంది. తర్వాత హార్మోన్ మాత్రలేవీ ఇవ్వలేదు.

సూక్ష్మదర్శిని | సోమవారం మధ్యాహ్నం 2:02

అనుకున్నాను.

అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో రాబర్టో పచిఫిచి బృందం 2016లో చేసిన పని చూడండి. ఆడ ఎలుకల్లో అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్ హార్మోను ఆగిపోతే ఎముక వేగంగా కరిగిపోతుంది, మెనోపాజ్ తర్వాత ఆడవాళ్లలో జరిగినట్టే. అయితే పేగుల్లో సూక్ష్మజీవులే లేని ఎలుకల్లో ఈస్ట్రోజెన్ ఆపినా ఎముక నష్టం జరగలేదు. వాటికి బ్యాక్టీరియా ఎక్కించాక మాత్రం మామూలు ఎలుకల్లాగే నష్టం జరిగింది.

ఎందుకంటే, ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు పేగు గోడలోని కణాల మధ్య బిగుతు సడలుతుంది. బ్యాక్టీరియా ముక్కలు గోడ దాటి లోపలికి వస్తాయి. రోగనిరోధక కణాలు టీఎన్ఎఫ్, ఐఎల్-17 లాంటి సంకేతాలు విడుదల చేస్తాయి. అవి ఎముకను కరిగించే కణాలను పెంచుతాయి. ఆ ఎలుకలకు వారానికి రెండుసార్లు ల్యాక్టోబ్యాసిల్లస్ ర్యామ్నోసస్ జీజీ ఇస్తే పేగు గోడ బిగుతుగా నిలబడింది, ఎముకా నిలబడింది. పేగు గోడను పట్టుకునే నూగు లేకుండా మార్చిన అదే బ్యాక్టీరియా ఇస్తే ఏమీ ప్రయోజనం లేదు. ఒకే జాతి, ఒకే పేరు, ఒక్క లక్షణం తేడా, ఫలితం సున్నా. డబ్బా మీద ప్రోబయాటిక్ (మంచి బ్యాక్టీరియా ఉన్నది) అని రాసి ఉంటే చాలు అనుకునేవాళ్లు ఈ ఒక్క వివరం గుర్తుపెట్టుకోవాలి.

ప్రశ్నార్థకం | సోమవారం సాయంత్రం 6:31

మేడమ్ బాగా చెప్పారు. కానీ ఇవన్నీ ఎలుకలు. ఎలుకల్లో నయమైన జబ్బుల జాబితా చాలా పొడుగు. మనుషుల మీద ఏం తేలింది? సప్లిమెంట్ అమ్మేవాళ్లు చెప్పనిది అదే కదా.

సూక్ష్మదర్శిని | సోమవారం రాత్రి 8:47

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. మూడు పరీక్షలు చెబుతాను, మూడూ స్వీడన్‌వే.

2018లో వచ్చినది మొదటిది. 75 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న, ఎముక సాంద్రత అప్పటికే తక్కువగా ఉన్న 90 మంది మహిళలు. సగం మందికి ల్యాక్టోబ్యాసిల్లస్ రియుటెరి 6475 అనే రకం, సగం మందికి ఉత్తి పొడి. ఏడాది తర్వాత కాలి ఎముకలో సాంద్రత ఉత్తి పొడి వాళ్లకి 1.85 శాతం తగ్గితే, బ్యాక్టీరియా తీసుకున్నవాళ్లకి 0.83 శాతం తగ్గింది. గమనించండి, ఇక్కడ ఎముక పెరగలేదు. తరుగుదల నెమ్మదించింది, అంతే.

2019లో రెండోది. మెనోపాజ్ దాటిన కొత్తలో ఉన్న 249 మంది. వేరే మూడు రకాల ల్యాక్టోబ్యాసిల్లస్ కలిపి ఏడాది ఇచ్చారు. నడుము వెన్నుపూసల్లో ఉత్తి పొడి వాళ్లకి 0.72 శాతం తగ్గింది, ఇచ్చినవాళ్లకి దాదాపు నిలబడింది. తుంటి దగ్గర తేడా కనిపించలేదు.

ఇక 2024లో మూడోది. మొదటి పరీక్షలో పనిచేసిన అదే రియుటెరి 6475. ఈసారి మెనోపాజ్ తొలి ఏళ్లలో ఉన్న 239 మంది, రెండు మోతాదులు, రెండేళ్ల కాలం. ఎముక మీద ఏ ప్రభావమూ కనిపించలేదు. మొదటి ఫలితంతో ఆశపడ్డ బృందమే పెద్ద పరీక్ష పెట్టి, ఫలితం రాలేదని దాచకుండా ప్రచురించింది. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది.

కాబట్టి ఈరోజుకి మనుషుల్లో ఉన్న రుజువు ఇంతే: కొన్ని రకాలు, కొందరిలో, కొంచెం. ఈ పరీక్షలు చూసింది సాంద్రతనే. ఎముకలు విరగడం తగ్గిందని ఏ ప్రోబయాటికూ ఇంతవరకు చూపించలేదు. అలెండ్రోనేట్ వెన్నుపూసల, తుంటి విరుగుళ్లను తగ్గిస్తుందని వేలమంది మీద ఎప్పుడో తేలింది. రెంటినీ ఒకే తక్కెడలో పెట్టడం మీ అమ్మగారికి అన్యాయం.

మందులకొట్టు | సోమవారం రాత్రి 9:30

ఖమ్మంలో మందుల షాపు నాది. రెండు విషయాలు చెప్పాలి, రెండూ అర్జంటు.

ఆ వారం మాత్ర వేసుకునే పద్ధతి సరిగ్గా చెప్పారా? పొద్దున్నే పరగడుపున, ఒక గ్లాసు నిండా మామూలు మంచినీళ్లతో మింగాలి. కాఫీ, టీ, పాలతో కాదు. తర్వాత కనీసం అరగంట నిటారుగా కూర్చోవాలి లేదా నడవాలి, పడుకోకూడదు. ఆ అరగంటా ఏమీ తినకూడదు. కాల్షియం మాత్ర దానితో కలిపి అసలు వేసుకోకూడదు, మందు ఒంటికి పట్టదు. మా దగ్గరికి గుండెల్లో మంట అని వచ్చేవాళ్లలో చాలామంది మాత్ర వేసుకుని మళ్లీ మంచం ఎక్కినవాళ్లే. మాత్ర అన్నవాహిక దగ్గర ఆగి ఒరుసుకుంటుంది.

పద్ధతి సరిగ్గా పాటించినా మంట ఉంటే, లేదా మింగేటప్పుడు అడ్డం పడుతుంటే, మాత్ర ఆపి వెంటనే డాక్టరుకి చెప్పండి. కడుపుతో పనిలేకుండా ఏడాదికొకసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఉంది. దానికి ముందు కిడ్నీ, కాల్షియం, విటమిన్ డి పరీక్షలు చూస్తారు. పళ్లు పీకించుకునే పని ఏమైనా ఉంటే ముందే చెప్పాలి. ఆరు నెలలకొకసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్ ఇంకొకటి. అది మొదలుపెడితే మాత్రం సొంతంగా మానకూడదు, ఆలస్యం చేయకూడదు. ఆపితే ఎముక నష్టం ఒక్కసారిగా తిరగబెడుతుంది.

ఇక గ్యాస్ మాత్ర. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి మన దగ్గర పప్పు బెల్లాల్లా అమ్ముడవుతున్నాయి. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో తుంటి, మణికట్టు, వెన్నుపూస విరిగే ముప్పు ఎక్కువ ఉండొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే హెచ్చరించింది. కడుపులో ఆమ్లం తగ్గితే కాల్షియం కార్బొనేట్ సరిగ్గా కరగదు. నిజంగా గ్యాస్ మాత్ర అవసరమైనవాళ్లకి కాల్షియం సిట్రేట్ మేలు. అమ్మగారికి అది ఇంకా అవసరమా అన్నది డాక్టరుతో మాట్లాడండి. ఏళ్లుగా వాడినదాన్ని ఒక్కసారిగా ఆపితే మంట ఇంకా పెరుగుతుంది, మెల్లగా తగ్గించాలి.

సూక్ష్మదర్శిని | సోమవారం రాత్రి 9:52

మందులకొట్టు గారి మాటకి ఒక చేర్పు. కడుపులో ఆమ్లం తగ్గితే నోట్లో ఉండాల్సిన బ్యాక్టీరియా బతికి పేగుల దాకా చేరుతుంది. ఈ మాత్రలు వాడేవాళ్ల పేగుల్లో సూక్ష్మజీవుల పొందిక మారడం 2016 నాటి పెద్ద అధ్యయనాల్లో స్పష్టంగా కనిపించింది. పేగు బ్యాక్టీరియా గురించి అంత శ్రద్ధ ఉంటే, కొత్త క్యాప్సూల్ కొనేముందు చూడాల్సింది రోజూ వేసుకుంటున్న గ్యాస్ మాత్రనే.

జొన్నరొట్టె | మంగళవారం ఉదయం 7:15

నాది మహబూబ్‌నగర్ జిల్లా. అండాశయాలు తీసేశారని చదివాక ఊరుకోలేక రాస్తున్నాను.

మా ఊళ్లో నలభై దాటకుండానే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ప్రతి వాడలో ఉన్నారు. తెల్లబట్ట అన్నా తీసేశారు, నడుము నొప్పి అన్నా తీసేశారు, రేపు క్యాన్సర్ అవుతుందని భయపెట్టి తీసేశారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఈ ఆపరేషన్ ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ముందు వరుసలో ఉన్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. గర్భసంచి తీసేటప్పుడు అండాశయాలు ఉంచారా, తీశారా అని అడిగే ధైర్యం ఎవరికుంది? చాలామందికి ఆ రెండూ వేరని కూడా చెప్పలేదు. ఉంచితే ఈస్ట్రోజెన్ ఇంకొన్నేళ్లు వస్తుంది. తీసేస్తే ఆ రోజే ఆగిపోతుంది. ముప్పై ఎనిమిదేళ్లకే అరవై ఏళ్ల ఎముక దారి పట్టించి, నాలుగు రోజుల్లో ఇంటికి పంపిస్తారు. ఎముకల మాట ఎత్తరు, హార్మోను మాట ఎత్తరు, స్కాన్ మాట అసలే ఉండదు.

మా అక్కకి అలాగే జరిగింది. బావి గట్టు మీద జారి మణికట్టు విరిగినప్పుడు గానీ ఎముకలు గుల్లబారాయని తెలియలేదు. మీ ఇళ్లలో నలభై అయిదు లోపు ఈ ఆపరేషన్ అయిన ఆడవాళ్లుంటే పాత డిశ్చార్జి కాగితం వెతకండి. అండాశయాల గురించి ఏం రాశారో చూడండి. నొప్పి వచ్చేదాకా ఆగకుండా డెక్సా చేయించండి.

కృష్ణలంక | మంగళవారం ఉదయం 8:03

జొన్నరొట్టె గారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. మా పిన్నికీ అదే ఆపరేషన్ అయింది, ఆమె కాగితాలు కూడా తీయిస్తున్నాం. మందులకొట్టు గారూ, అమ్మ మాత్ర వేసుకుని పడుకునేది, అదీ కాఫీతో. ఎవరూ చెప్పలేదట. డాక్టరు గారి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.

తిండి విషయం కూడా ఎవరైనా చెప్తారా? క్యాప్సూల్స్ వద్దని ఒప్పుకుంది కానీ, పేగులకి మంచిది ఏదో ఒకటి చేసి తీరాలని పట్టుబడుతోంది.

తిరుచానూరు | మంగళవారం ఉదయం 10:25

డైటీషియన్‌ని, తిరుపతిలో ఉంటాను. అమ్మగారి పట్టుదల మంచిదే, దాన్ని వాడుకుందాం.

మా ఊరి నుంచే మొదలుపెడతాను. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో చేసిన అధ్యయనం ఒకటి 2007లో ప్రచురితమైంది. ఆరోగ్యంగా ఉన్న మామూలు మనుషుల్ని, పట్నం వాళ్లనీ పల్లె వాళ్లనీ చూశారు. తిండిలో కాల్షియం తక్కువ, కాల్షియాన్ని పట్టేసే ఫైటేట్ ఎక్కువ, విటమిన్ డి లోపం విపరీతం. ఇంత ఎండ కాసే ఊళ్లో! పెరుగన్నం గారూ, పొలంలో రోజంతా ఎండలో ఉన్న మీ తాతగారికీ, ఫ్లాట్‌లో ఉండే ఈ తరం అమ్మలకీ తేడా అక్కడే ఉంది. విటమిన్ డి లేకుండా ఏ బ్యాక్టీరియా వచ్చినా కాల్షియం సరిగ్గా ఎక్కదు.

మెనోపాజ్ దాటిన ఆడవాళ్లకి రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) చెబుతోంది. రాగుల్లో వంద గ్రాములకి 364 మిల్లీగ్రాములు ఉంది, బియ్యంతో పోలికే లేదు. కానీ రాగుల్లో ఫైటేట్ కూడా ఉంది. మన పెద్దవాళ్లు రాగి పిండిని రాత్రి నానబెట్టి పులియబెట్టి అంబలి కాచేవాళ్లు. పులిసేటప్పుడు సూక్ష్మజీవులు ఫైటేట్‌ని కొంత విరగ్గొడతాయి, కాల్షియం విడుదలవుతుంది. మొలకెత్తించి ఎండబెట్టి పట్టించిన పిండి అయితే ఇంకా మేలు. పేగు బ్యాక్టీరియా, ఎముక అంటూ మనం మాట్లాడుకుంటున్నదాంట్లో ఒక భాగం కుండలోనే జరిగిపోతోంది.

ఇక పేగుల్లో జరిగేది. మనకి అరగని పీచు పెద్దపేగుకి చేరితే బ్యాక్టీరియా దాన్ని తిని బ్యూటిరేట్ లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తుంది. అక్కడ పులుపు పెరిగితే కాల్షియం కరిగి ఒంటికి ఎక్కడం సులువవుతుంది. 2005లో అమెరికాలో ఎదిగే వయసు పిల్లలకి రోజుకి 8 గ్రాముల ఇనులిన్ రకం పీచు ఏడాది ఇస్తే కాల్షియం ఎక్కువ పట్టింది, ఎముక సాంద్రత ఎక్కువ పెరిగింది. ఇనులిన్ మన ఉల్లిపాయలో, వెల్లుల్లిలో ఉంటుంది. 8 గ్రాములు ఉల్లితోనే రావడం కష్టం కాబట్టి రకరకాల పీచు కలపండి: గోరుచిక్కుడు, ఉలవలు, అలసందలు, పచ్చి అరటికాయ, జొన్న. చల్లారిన అన్నంలో కూడా అరగని పిండిపదార్థం కొంత పెరుగుతుంది, కాబట్టి చద్దన్నానికి నేను అడ్డు చెప్పను. షుగర్ ఉంటే కొలత చూసుకోవాలి. గ్యాస్ పట్టే కడుపు కదా, పీచు ఒక్కసారిగా పెంచకండి.

ఎండు ఆలూబుఖారా మీద కూడా మంచి పరీక్ష ఉంది. 2022లో వచ్చింది, మెనోపాజ్ దాటిన 235 మంది మీద. రోజుకి 50 గ్రాములు, అంటే అయిదారు పళ్లు, ఏడాది తిన్నవాళ్లకి తుంటి దగ్గర సాంద్రత నిలబడింది. వంద గ్రాముల వాళ్లలో దాదాపు నలభై శాతం మంది మధ్యలో మానేశారు. మన దగ్గర ఖరీదు ఎక్కువే. కొనగలిగితే తినండి, లేకపోతే బాధపడొద్దు.

పెరుగన్నం | మంగళవారం ఉదయం 11:10

తిరుచానూరు గారూ, అయితే ఇంటి పెరుగు గురించి చివరి మాట చెప్పండి. ఆవకాయ కూడా పులిసిందే కదా?

తిరుచానూరు | మంగళవారం మధ్యాహ్నం 12:40

పెరుగు తప్పకుండా. కాల్షియం, ప్రొటీన్ రెండూ ఉన్నాయి. పాలు పడనివాళ్లకి కూడా సాధారణంగా పడుతుంది. కానీ పరీక్షల్లో వాడిన రకాలూ మన ఇంటి తోడులోనివీ ఒకటి కావు, ఇంటింటికీ తోడు మారుతుంది. పెరుగులోని బ్యాక్టీరియా చాలావరకు పేగుల్లో స్థిరపడదు, దారి గుండా వెళ్లిపోతుంది. అందుకే పెరుగుని ఆహారంగా రోజూ తినండి, మందుగా లెక్కేయకండి.

ఆవకాయని ఈ లెక్కలోకి తేవద్దు. అంత ఉప్పు, కారం, నూనె మధ్య బ్యాక్టీరియా కోసం దాన్ని తినడంలో అర్థం లేదు. పైగా ఉప్పు ఎక్కువైతే మూత్రంలో కాల్షియం ఎక్కువ పోతుంది.

ప్రశ్నార్థకం | మంగళవారం సాయంత్రం 5:18

అందరూ సాంద్రత, సాంద్రత అంటున్నారు. సాంద్రత పెరిగితే ఎముక గట్టిపడినట్టేనా? మాది నల్లగొండ. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ల ఎక్స్‌రేలో ఎముక తెల్లగా దట్టంగా కనిపిస్తుంది. ఆ మనుషులు నడవలేకపోతున్నారు.

సూక్ష్మదర్శిని | మంగళవారం రాత్రి 8:05

ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. 1990లో అమెరికాలో ఫ్లోరైడ్‌నే ఆస్టియోపొరోసిస్‌కి మందుగా పరీక్షించారు. నాలుగేళ్లలో నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. స్కాన్ అంకె బాగుపడింది, మనిషి బాగుపడలేదు.

బ్యాక్టీరియా విషయంలోనూ ఈ కోణం ఉంది. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకల పేగు సూక్ష్మజీవుల్ని యాంటీబయాటిక్స్‌తో చెదరగొడితే ఎముక ఆకారంతో, పరిమాణంతో లెక్కకు అందనంతగా బలం తగ్గింది. అంటే ఎముక పదార్థం నాణ్యతే మారింది. నాకు ఈ మొత్తం రంగంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఇదే. డెక్సాలో కనిపించని మార్పు ఇది. రేపు మంచి మందు ఏదైనా ఇక్కడినుంచి రావచ్చు. ఈరోజు మాత్రం అది సీసాలో లేదు.

ఓరుగల్లు | బుధవారం ఉదయం 6:50

చర్చ మొత్తం చదివాను. మా తమ్ముడికి 29 ఏళ్లు, అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు వాపు జబ్బు). స్టెరాయిడ్ మాత్రలు వాడుతూ మానుతూ ఉన్నాడు. ఎముకల సమస్య ఆడవాళ్లకీ పెద్దవాళ్లకే అనుకున్నాం. మగపిల్లాడికి కూడా చూపించాలా?

మందులకొట్టు | బుధవారం ఉదయం 9:05

తప్పకుండా చూపించాలి. పేగు వాపు జబ్బే ఎముకని తగ్గిస్తుంది, స్టెరాయిడ్ ఇంకా వేగంగా తగ్గిస్తుంది. రెండూ కలిసిన మనిషికి వయసుతో, ఆడా మగా తేడాతో పనిలేదు. మూడు నెలలు, అంతకు మించి స్టెరాయిడ్ వాడినవాళ్ల ఎముకల సంగతి చూడాలన్నది అందరూ ఒప్పుకున్న పద్ధతి. చీటీలన్నీ తీసి ఎన్నాళ్లు, ఎంత మోతాదు వాడాడో ఒక కాగితం మీద రాసుకుని మీ గ్యాస్ట్రో డాక్టరుకి చూపించండి. డెక్సా, విటమిన్ డి పరీక్ష చేయించమని మీరే అడగండి. స్టెరాయిడ్ మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపనివ్వకండి, ప్రాణం మీదికి వస్తుంది.

సూక్ష్మదర్శిని | బుధవారం ఉదయం 9:31

ఓరుగల్లు గారూ, ఇంకొకటి. కొలైటిస్ బాగా రేగి ఉన్నప్పుడు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల మీద ఉన్నప్పుడు ప్రోబయాటిక్స్ కూడా డాక్టరుని అడగకుండా మొదలుపెట్టవద్దు. ముతక పీచు, పచ్చి ఉల్లి లాంటివి కూడా ఆ సమయంలో పడకపోవచ్చు. వాపు అదుపులోకి వస్తే ఎముకకు పడే దెబ్బ దానంతటదే తగ్గుతుంది కాబట్టి ముందు కొలైటిస్ మందులు వేళకి వేసుకునేలా చూడండి. తిండి సంగతి ఆ తర్వాత తిరుచానూరు గారిని అడుగుదాం.